ముప్ఫయ్యొక్క బెండగింజలు

ప్రయాణం 131వ ఏడు, 205వ రోజు

బడి వరసలో నీళ్ళు ఒక చెంబు తగ్గాయి.

ఇంతవరకు రాసి సంతకం పెడితే నా ఉద్యోగం అయిపోయినట్టే. కానీ ఇరవై రెండేళ్ళుగా ఈ పుస్తకాన్ని ఎవరూ చదవలేదు. పై అంతస్తు వాళ్ళు నెలకోసారి వచ్చి, పుస్తకం ఉందో లేదో చూసి, అట్ట మీద ముద్ర గుద్ది పోతారు. కాబట్టి లోపల నా నోటికి వచ్చింది రాసుకుంటాను.

నా పేరు వీరమణి. ఈ పంటులో బడి ఉన్న గదుల వరసకి నీళ్ళ కాపలా నాది. పంటు అంటే మా ఓడే. కట్టినప్పుడు ఏదో నోరు తిరగని పేరు పెట్టారట గానీ, ఎక్కినవాళ్ళందరూ గోదారి ఒడ్డు మనుషులు. అవతలి రేవుకి దాటించేది ఏదైనా పంటే అన్నారు. చుక్కల మధ్య నూట ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా దాటుతున్నాం. రేవుకి ఇంకో పన్నెండేళ్ళుంది.

ఇక్కడ నీళ్ళు ఎక్కడికీ పోవు. తాగినవి, కడిగినవి, చెమటగా కారినవి, ఆఖరికి ఏడిస్తే వచ్చినవి కూడా తిరిగి తొట్టిలోకి చేరాల్సిందే. చెంబు తగ్గిందంటే గొట్టమైనా కారుతుండాలి, దొంగైనా ఉండాలి. పొద్దున్నించీ గొట్టాలన్నీ తడిమాను. మోకాళ్ళు పట్టేశాయి తప్ప ఒక్క చుక్క తడి దొరకలేదు.

207వ రోజు

ఇవాళ మూడు చెంబులు.

మధ్యాహ్నం పిల్లలు నీళ్ళు తాగే వేళకి కుళాయి పక్కనే నిలబడ్డాను. ముప్ఫయ్యొక్క మంది బుద్ధిగా వరసలో వచ్చారు. తలా ఒక గ్లాసు తాగారు, వెళ్ళారు. నా జన్మలో ఆ పిల్లలు బుద్ధిగా వరసలో నడవడం చూడలేదు. అప్పుడే నాకు అనుమానం వచ్చి ఒళ్ళు మండింది.

"తిలోత్తమా, ఇలా రావే. ఏడో ఎక్కం చెప్పు" అన్నాను. పదేళ్ళ పిల్ల. ఈ బడిలో ఏ గొడవ జరిగినా దాని మొదలు దీని దగ్గరే ఉంటుంది. అది నా వంక చూసి, కడుపు పట్టుకుని, నొప్పి అన్నట్టు సైగ చేసింది. బుగ్గలు రెండూ బూరెల్లా ఉన్నాయి.

"నువ్వు చెప్పరా గవర్రాజూ!"

వాడు నావైపు చూశాడు, తిలోత్తమ వైపు చూశాడు, నవ్వు ఆపుకోబోయాడు. అంతే, నోట్లో నీళ్ళన్నీ నా మొహం మీదికి బుస్సున వచ్చాయి.

దొంగలు దొరికారు. ముప్ఫయ్యొక్క దొంగ వెధవలూ నోట్లో నీళ్ళు పట్టుకుపోతున్నారు. ఎక్కడికి?

208వ రోజు

పాత చాకలి గదికి.

ఆ గది మూతపడి నలభై ఏళ్ళయింది. వాళ్ళ వెనకాలే చప్పుడు కాకుండా వెళ్ళి తలుపు సందులోంచి చూశాను. ఒకరి తరవాత ఒకరు వంగి, రేకు పళ్ళేల్లోకి నోట్లో నీళ్ళు వదులుతున్నారు, మహా భక్తిగా. పైన ఆసుపత్రి వరసలోంచి ఎత్తుకొచ్చిన దీపాలు నాలుగు వెలుగుతున్నాయి. పళ్ళేల్లో నల్లగా ఏదో ఉంది. ఆ నల్లదాంట్లోంచి ఆకుపచ్చగా నాలుగు పిలకలు లేచి ఉన్నాయి.

నేను మొక్కని చూడటం అదే మొదటిసారి. బొమ్మల్లో చూశాను, అందరిలాగే. ఇంత చిన్నగా ఉంటాయని అనుకోలేదు. తిడదామని వచ్చినదాన్ని, తలుపు తోసుకుని లోపలికి పోయి పళ్ళెం మీదికి వంగాను.

"అయ్ బాబోయ్, మణత్త!" అన్నాడు గవర్రాజు.

"ఏంట్రా ఇది?"

"మొక్కలండి, ఆయ్."

"మొక్కలని తెలుస్తూనే ఉంది. గింజలెక్కడివి?"

ఒక్కొక్కళ్ళ చెయ్యీ మెళ్ళో తాయెత్తు మీదికి పోయింది.

పంటులో పుట్టిన ప్రతి బిడ్డకీ బారసాల నాడు గాదెలోంచి ఒక గింజ తీసి, గాజు తాయెత్తులో పెట్టి మెళ్ళో కడతారు. పేరుగింజ అంటాం. పడుకున్నా, స్నానం చేసినా తీయం. రేవు చేరిన రోజున ఎవరి గింజ వాళ్ళు చూపించి, ఎవరి నేల వాళ్ళు తీసుకోవాలి. గింజ పోగొట్టుకున్నవాడికి రేవులో నేల లేదు. మా పంటులో కొట్టివేత లేని రాత అదొక్కటే. ఏటా గింజల దినం నాడు గాదె పెద్ద పుల్లంరాజు గారు ప్రతి తాయెత్తూ చూసి, చిట్టాలో టిక్కు పెడతారు. ఈ ఏడు అది 290వ రోజున వస్తుంది.

తిలోత్తమ తాయెత్తు పట్టుకుని దీపం దగ్గర చూశాను. లోపల గింజ కాదు. మేం మూడు పూటలా తినే బూడిదరంగు ముద్దని చిదిమి, గింజలా చేసి, మసి పూశారు. ముప్ఫయ్యొక్కటీ అంతే.

"ఎందుకు చేశారే ఈ పని? మీకేం పుట్టింది?"

"మాస్టారు పాఠం చెప్పేరు కదండి, గింజ నాటితే మొలుత్తాదని" అంది తిలోత్తమ. "నిజంగా మొలుత్తాదా అనడిగేను. మొలుత్తాదన్నారు. మీరు చూసేరా అనడిగేను. బల్లెక్కి నించోమన్నారు."

వడపోత గుడ్డల్లోని పీచు, దువ్వెనల్లోని వెంట్రుకలు, తినకుండా దాచి ఎండబెట్టిన ముద్ద, అన్నీ పొడిచేసి కలిపి మట్టి తయారుచేశారట. నాటి పన్నెండు రోజులయింది. మొలిచినవి నాలుగు. రెండు బెండ, ఒక మిరప, ఒక తోటకూర. తోటకూర గవర్రాజుది. వాడి గింజ ఆవగింజలో సగం ఉండేది. నీకు కంటికి కనపడని నేలిస్తార్రా అని వాణ్ణి అందరూ ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు వాడి నడకే మారిపోయింది.

మిగతా ఇరవై ఏడూ కుళ్ళిపోయాయి.

"నాది ఆనప" అంది తిలోత్తమ. "నేనే సంపేసేనండి. మొలిసిందా లేదా అని రోజూ తవ్వి చూసేను. ఇంక నాకు నేల లేదు కదండీ?"

నాకు కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. దాని తల మీద చెయ్యి వేశాను.

209వ రోజు

నీళ్ళు సరిగ్గా ఉన్నాయి.

పై మాట అబద్ధం. ఇరవై రెండేళ్ళలో మొదటి అబద్ధం. ఇది రాసేముందు పై అంతస్తుకి చెబుదామని రెండుసార్లు లేచాను. చెబితే ముప్ఫయ్యొక్క మందీ నేల లేనివాళ్ళవుతారు. పన్నెండేళ్ళ తరవాత అందరూ దిగి గట్లు వేసుకుంటుంటే, వీళ్ళు పక్కవాళ్ళ గట్టు మీద నిలబడి చూడాలి. నా వల్ల కాలేదు. తగ్గిన నీళ్ళకి బదులు వారానికోసారి చేసే నా స్నానం వదులుకున్నాను. కంపు కొడితే కొడతాను.

సాయంత్రం భీమశంకరం మాస్టారిని పట్టుకుని చాకలి గదికి లాక్కెళ్ళాను. పందొమ్మిదేళ్ళుగా వ్యవసాయం పాఠం చెబుతున్న మనిషి. ఆ నాలుగు పిలకల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"మనం కూడా వేద్దామా వీరమణి గారూ?" అన్నారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మనకి ఎలాగూ పన్నెండేళ్ళు గ్యారంటీ లేదు కదండి."

నా దోసగింజా, ఆయన చిక్కుడుగింజా తాయెత్తుల్లోంచి తీసి నాటాం. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళ నోళ్ళు మూయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

219వ రోజు

మావి మొలవలేదు.

పది రోజులు చూసి పుల్లతో తీశాను. నా దోసగింజ వేలి మధ్య చితికి, నీరైపోయింది. యాభై ఏడేళ్ళు మెళ్ళో మోసిన గింజ. ఇంట్లో మనిషి పోయినట్టుంది.

"మనం తవ్వి చూడలేదు కదండీ. మరి ఎందుకు పోయాయి?" అన్నాను.

మాస్టారు తన పాఠం పుస్తకం తీశారు. పేజీలు తిప్పి ఒకచోట ఆగారు. "గింజలను ఎక్కడ భద్రపరచవలెను? రెండు మార్కులు" అని చదివారు. "చల్లని, పొడి ప్రదేశమున. పందొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నేనే ఇస్తున్నానండి. ఒక్కడు తప్పు రాయలేదు."

చల్లగా, పొడిగా. మేమేమో వెచ్చటి గుండెల మీద, చెమటలో, స్నానం నీళ్ళలో, ముద్దులు పెట్టుకుంటూ మోశాం. ముప్ఫయ్యొక్కటిలో నాలుగు మొలిచాయంటే అదే ఎక్కువ.

నాకు ఇంకోటి గుర్తొచ్చింది. గాదె. మా ముత్తాతల నాడు పంటు ఎక్కినప్పుడు గాదె బయటి గోడ పక్కన, చలిగా ఉండేదట. మూడో తరం వాళ్ళకి జాలేసింది. పాపం గింజలకి చలేస్తుందని, మోసుకెళ్ళి యంత్రాల గది గోడకి ఆనించి పెట్టారు. ఇప్పటికీ పండగలకి ఆ గోడ తాకి, వెచ్చగా ఉంది తల్లీ అని దణ్ణం పెడతాం. నేనూ పెట్టాను, ఎన్నోసార్లు.

అంటే గాదె నిండా ఉన్నవి కూడా ఇలాంటివే అయితే? ఈ మాట పుల్లంరాజు గారితో అంటే ఆయన మమ్మల్ని బతకనివ్వరు.

226వ రోజు

తోటకూర కోశారు. ఆసుపత్రి పొయ్యి మీద ఉప్పేసి ఉడికించి, తలా రెండు ఆకులు. గవర్రాజు పెళ్ళికొడుకులా కూర్చుని వడ్డించాడు. రోజూ ముద్ద తినమంటే గంట చేసే పిల్లలు గిన్నె నాకారు. వాళ్ళ నాలుకలు ఆకుపచ్చగా ఉంటే, ఇంటికి పోయేముందు వరసలో నిలబెట్టి గుడ్డతో తుడిచాను.

నాకూ రెండు ఆకులు ఇచ్చారు. ఎలా ఉందో రాయడానికి నా దగ్గర మాట లేదు. మా ముద్దని వంకాయలా అచ్చుపోస్తారు, బెండకాయలా అచ్చుపోస్తారు. ఎలా పోసినా ముద్దే. దీనికి మాత్రం దీని రుచే ఉంది.

268వ రోజు

మొదటి మిరపకాయ పండింది. పండింది కదా, తియ్యగా ఉంటుందనుకున్నారు. ఎర్రగా ఉంది మరి.

ముందు నేనంటే నేనని కొట్టుకుని, చివరికి ముక్కలు చేసి అందరూ ఒకేసారి నోట్లో వేసుకున్నారు. నేను తలుపు తీసేసరికి ముప్ఫయ్యొక్క మంది నేల మీద దొర్లుతున్నారు. కళ్ళల్లో, ముక్కుల్లో నీళ్ళు. విషం తిన్నారనుకున్నాను.

"ఏమైందే? ఏం తిన్నారే?"

"మణత్తా," అంది తిలోత్తమ, నాలుక బయటపెట్టి గాలి విసురుకుంటూ, "ఇంకోటి ఎప్పుడు పండుద్దండీ?"

ఆ పూట వాళ్ళు ఏడ్చిన నీళ్ళకి తొట్టిలో అర చెంబు పెరిగింది. అది కూడా నిజాయితీగా రాస్తున్నాను.

281వ రోజు

బెండకాయలు రెండు మొక్కలకీ బాగానే కాశాయి. నూగు గుచ్చుకుని చేతులు దురద. కోసి వండితే జిగురు సాగింది. పాడైందేమో అని పారబోయబోయారు. మాస్టారు పుస్తకం చూసి, దాని తీరే అంత అని చెప్పారు.

మొదట కాసిన అయిదు కాయలు మాత్రం ముట్టుకోనివ్వలేదు. చెట్టునే ఎండనిచ్చాం. ఇవాళ ఒలిచాం. గింజలు రెండు వందలకు పైనే వచ్చాయి. రెండు గింజలు పెడితే రెండు వందలు! మాస్టారు నాలుగుసార్లు లెక్కపెట్టి, నాలుగుసార్లూ నవ్వారు.

ఆ గింజలు చూడగానే నాకు దొంగ బుద్ధి పుట్టింది. "తలా ఒక గింజ తాయెత్తులో వేసుకోండి" అన్నాను.

"నాది ఆనప కదండీ, మణత్తా. ఆనప గింజ పొడుగ్గా, చదునుగా ఉంటాది. ఇది గుండ్రంగా ఉంది" అంది తిలోత్తమ.

"ఉంటే? పుల్లంరాజు గారికి చూపానదు. పదేళ్ళుగా తాయెత్తు వేలితో తడిమి టిక్కు పెడుతున్నారు. గింజ గలగలమంటే చాలు."

మిగిలినవి రేకు డబ్బాలో పోసి, బయటి గోడ పక్కన చలిలో దాచాం. డబ్బా బాధ్యత తిలోత్తమ తీసుకుంది.

290వ రోజు

కొంప మునిగింది.

పుల్లంరాజు గారు పోయిన నెలే కొత్త కళ్ళు వేయించుకున్నారట. ఎవరూ నాకు చెప్పలేదు. గింజల దినం సభకి అమ్మానాన్నలందరూ వచ్చి కూర్చున్నారు. తెల్లబట్టల్లో పెద్దాయన చిట్టా ముందేసుకుని, మొదటి తాయెత్తు దీపానికి ఎత్తి చూశారు.

"ఇది బెండ. చిట్టాలో నీది వంగ అని ఉంది."

"ఆయ్" అన్నాడు ఆ పిల్లాడు.

రెండోది బెండ. మూడోది బెండ. తిలోత్తమది బెండ. సభలో గుసగుసలు మొదలయ్యాయి. గవర్రాజు వంతు వచ్చింది.

"తోటకూర గింజ ఇంత లావెలా అయిందిరా?"

"ముద్ద బాగా తింటన్నానండి."

ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. పుల్లంరాజు గారు నవ్వలేదు. ముప్ఫయ్యొక్కటీ చూసి చిట్టా మూశారు.

"పేరుగింజలు ఏవి?"

"నాటేవండి" అంది తిలోత్తమ.

నిజం చెప్పెయ్యమని నేను నేర్పలేదు. అది అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. పెద్దాయన మళ్ళీ చిట్టా తెరిచి ముప్ఫయ్యొక్క పేర్లూ కొట్టేసి, లేచి, ఈ ముప్ఫయ్యొక్క మందికీ రేవులో నేల లేదన్నారు. తిలోత్తమ తల్లి గొల్లుమంది. పిల్ల మాత్రం తల ఎత్తుకునే నిలబడింది.

ఇక ఆగలేకపోయాను. సభ మధ్యకి పోయి మొత్తం చెప్పేశాను. నీళ్ళు, అబద్ధం, నా దోసగింజ, అన్నీ. "వాటిని పిల్లలు చంపలేదండి. మనమే ప్రేమగా కాచుకుని చంపాం. గాదెలోవి కూడా పోయుంటాయి. పది గింజలు నాటి చూడండి" అన్నాను.

"గాదె మీదే మాటా? నీ నోరు పడిపోను! వాటి కోసం డెబ్బై ఎనిమిదేళ్ళుగా బతుకుతున్నాను."

"అయితే మీది కూడా నాటి చూడండి తాతగారూ" అంది తిలోత్తమ. "మొలిత్తే మాకు నేలొద్దు. మొలవకపోతే మా నేల మాకిచ్చేయండి."

పెద్దాయన కోపంతోనే తాయెత్తు తెంపారు. ఆయనది పొట్లగింజ. దాంతోపాటు గాదెలోవి పది. మొలుస్తాయని ఆయనకి ఎంత నమ్మకమంటే, మొలవకపోతే ఏంటన్నది ఆలోచించడానికి కూడా ఒప్పుకోలేదు. పక్కన పిల్లలు పండించిన బెండగింజ ఒకటి కూడా పెట్టండని మాస్టారు నెమ్మదిగా అన్నారు.

301వ రోజు

పది రోజులూ పుల్లంరాజు గారు బడికంటే ముందే చాకలి గదికి వచ్చేవారు. పిల్లలు ఆయన కోసం పీట వేశారు. మొదట్లో వాళ్ళతో మాట్లాడలేదు. నాలుగో రోజున బెండగింజ రెండాకులు విప్పింది. ఆ రోజు నుంచి తన పొట్లగింజతో ఏదో గొణుక్కోవడం విన్నాను. బతిమాలుతున్నారనుకుంటాను. నాకు ఆయన మీద కోపం ఉండాల్సింది. లేదు.

ఇవాళ అందరి ముందూ ఆయనే వేలితో తవ్వారు. గాదె గింజలు పదీ కుళ్ళిపోయాయి. పొట్లగింజ ఆయన అరచేతిలో బురదలా అంటుకుంది. తరవాత ముసలి గొంతుతో వెక్కి వెక్కి ఏడ్చారు. దిగిన రోజున వెయ్యి కుటుంబాల చేతుల్లో పెట్టాల్సినవి అవి. ఆయన ఏం కాపలా కాశారో ఆ గదిలో అందరికీ అర్థమయింది.

"ఊరుకోండి తాతగారూ" అంది తిలోత్తమ, ఆయన భుజం తట్టి. "గాదెలో ఇంకా బోల్డున్నాయి కదండి. అన్నీ నాటేద్దారి. వందకి నాలుగు మొలిసినా సాలు. మేం సూసుకుంటాం."

ఆయన కళ్ళు తుడుచుకుని చిట్టా తెమ్మన్నారు. కొట్టేసిన ముప్ఫయ్యొక్క పేర్లూ మళ్ళీ రాశారు. గాదెని రేపే చలిగోడ దగ్గరికి మార్చాలని, ప్రతి గింజా ఈ పిల్లలకే అప్పగించాలని కింద రాసి సంతకం పెట్టారు. తిలోత్తమ తల్లి నా చేయి పట్టుకుని వదల్లేదు.

అప్పుడు పెద్దాయన ఖాళీ తాయెత్తు మూత తీసి, పిల్ల ముందు చాపారు.

"ఒక్క బెండగింజ పెట్టు తల్లీ. బోసి మెడతో ఉండలేకపోతున్నాను."

తిలోత్తమ డబ్బా మూత తెరిచింది. ఒక గింజ తీసింది. ఏమనుకుందో, గుప్పిట మూసేసింది.

"మెళ్ళో కట్టుకుంటానంటే ఇవ్వనండి. నాటుతానంటే ఇత్తాను."

గాదె పెద్దతో ఆ మాట అన్నవాళ్ళు పంటులో ఇంతవరకు లేరు. వెళ్ళి దాని చెవి మెలిపెడదామా, ముద్దు పెడదామా అని నేను సతమతమవుతుంటే, పుల్లంరాజు గారు తాయెత్తు జేబులో వేసుకున్నారు. మోకాళ్ళ మీద మెల్లగా కూర్చుని, తెల్లచొక్కా చేతులు మోచేతుల దాకా మడిచారు.

"ఎంత లోతు పెట్టాలమ్మా?" అని అడిగారు.